కన్ను కుట్టిన వానాకాలం

ఆ వానాకాలమంతా నేను ప్లీడరు గారి భార్యను చూసి కుళ్ళుకున్నాను.

ఆవిడ ఇల్లు నాకు కొత్త కాదు. ఆ ఇంటి కిటికీలకు కర్టెన్లు కుట్టింది నేనే. కొలతలు తీసుకోవడానికి వెళ్ళినప్పుడు గదులన్నీ తిరిగి చూశాను. నేల మీద మన మొహం మనకు కనపడేంత నున్నగా ఉండేది. అప్పుడు నాకేమీ అనిపించలేదు. ఎవరి ఇల్లు వాళ్ళది అనుకుని, టేపు చుట్టుకుని వచ్చేశాను. ఆవిడ భర్తకు వచ్చిన జబ్బును చూసి మాత్రం ఓర్వలేకపోయాను. మా ఆయనకు వచ్చిందీ అదే మరి.

పెద్దపేగులో కేన్సరు. జబ్బు పేరు ఒకటే. ఎక్కించే మందు ఒకటే. ఎక్కించే హాలు కూడా ఒకటే, ఊరు మొత్తానికి అదొక్కటే ఉంది కాబట్టి. పేరున్న ఆసుపత్రి వాళ్ళు తమ రోగుల్ని కార్లో అక్కడికి పంపేవాళ్ళు. పెద్దాసుపత్రి వాళ్ళు మా చేతికో చీటీ ఇచ్చి అక్కడికే నడవమనేవాళ్ళు. లోపల వరసగా వాలు కుర్చీలు, ఒక్కో కుర్చీ పక్కన ఒక్కో సీసా. రోగులతో వచ్చినవాళ్ళకు బయట వరండాలో పొడవాటి బెంచీ. ఆ బెంచీ మీదే ఆవిడ నన్ను గుర్తుపట్టింది.

"నువ్వు కర్టెన్లు కుట్టిన అమ్మాయివి కదూ? ఎవరికి బాలేదు?"

"మా ఆయనకండీ."

"అయ్యో. ఆయనేం చేస్తారు?"

"లిఫ్టులు బాగుచేస్తాడండీ. మీ బిల్డింగు లిఫ్టు కూడా తనే చూస్తాడు."

"అతనా. సన్నగా ఉంటాడు, వచ్చినప్పుడల్లా ఏదో ఒకటి చెప్పి నవ్విస్తాడు."

ఆ సన్నదనం ఈమధ్య వచ్చిందేనని నేను చెప్పలేదు. ఆవిడ కొంచెం పక్కకు జరిగి చోటిచ్చింది. ఫ్లాస్కులోంచి టీ పోసి ఇచ్చింది. వాన జల్లు వరండాలోకి కొడుతుంటే ఇద్దరం కాళ్ళు పైకి ముడుచుకుని కూర్చున్నాం.

"ఎలా బయటపడింది?" అని అడిగింది.

"రక్తం పడేదండీ. ఏడాది పైనుంచీ. మొలలన్నారు. పూసుకోడానికి మందిచ్చారు."

"ఏడాదా? కెమెరా పెట్టి చూడలేదా?"

"లేదండీ."

"మీరు అడగాల్సింది కదమ్మా."

మాది మిల్లు వెనక వాడ. మా తాతలు మిల్లు పనికని ఎక్కడినుంచో వచ్చారు. మిల్లు మూతపడి, దాని గోడల మీద చెట్లు మొలిచినా, ఊరివాళ్ళకు మేము ఇంకా వచ్చినవాళ్ళమే. నోరు తెరిస్తే చాలు, మా యాస మమ్మల్ని పట్టిస్తుంది. మా వాడ చివర క్లినిక్కులో డాక్టరు ముందు మనిషి కూర్చోడానికి కుర్చీ ఉండేది కాదు, నిలబడే చెప్పుకోవాలి. ఆయన మా ఆయన్ని బల్ల ఎక్కించి చూసింది లేదు. "మీవాళ్ళలో ఇది మామూలేనయ్యా. మీ తిండి అలాంటిది, మీ తాగుడు అలాంటిది" అన్నాడు. మా ఆయన జన్మలో చుక్క ముట్టినవాడు కాదు. ఆ మాటే చెప్పబోతే, "అందరూ అదే అంటారు" అని తర్వాతివాళ్ళని పిలిచాడు. మళ్ళీ వెళితే ఇంకాస్త ఘాటైన పూత మందు ఇచ్చాడు. నీరసంగా ఉందంటే బలానికని టానిక్కు రాశాడు. చివరికి ఒకరోజు లిఫ్టు మోటారు గదిలో పనిచేస్తూ చేస్తూ కుప్పకూలిపోతే, తోటివాళ్ళు మోసుకెళ్ళి పెద్దాసుపత్రిలో పడేశారు. అప్పటికి అది పేగు దాటి కాలేయం దాకా పాకిపోయింది.

"మీ ఆయనకు ఎలా తెలిసిందండీ?" అని నేనూ అడిగాను.

"ఏ బాధా లేదమ్మా. యాభై దాటాయి కదా, ఒకసారి చూపించుకోమని మా ఇంటి డాక్టరు పట్టుబట్టాడు. ఆయనా, మా వారూ కలిసి చదువుకున్నారులే. చూస్తే లోపల చిన్నది ఉంది. కోసి తీసేశారు. ఇప్పుడీ మందు ఊరికే, ముందుజాగ్రత్తకి."

ఊరికే. మా ఆయన బతకడానికని ఒంట్లోకి పోయించుకుంటున్న మందు వాళ్ళకు ఊరికేనట. టీ గ్లాసు కింద పెట్టేశాను. వేడిగా ఉందేమోనని ఆవిడ అనుకుంది.

ఆవిడ చెడ్డదైతే నా ప్రాణానికి హాయిగా ఉండేది. కాదు. ఆ మందు పడ్డవాళ్ళు చల్లనిది ఏదీ తాకలేరు, వేళ్ళు జివ్వుమంటాయి. అది తెలిసి ఆవిడ ఉన్ని గ్లవ్స్ రెండు జతలు తెచ్చింది, ఒకటి ప్లీడరు గారికి, ఒకటి మా ఆయనకు. "వేసుకోమను, హాయిగా ఉంటుంది" అంది. తీసుకుంటే నా ఒళ్ళు మండుతుంది, తీసుకోకపోతే ఆయన వేళ్ళు మండుతాయి. తీసుకున్నాను.

కేన్సరు డాక్టరు హాల్లోకి వచ్చినప్పుడు తలుపు అద్దంలోంచి చూసేదాన్ని. ప్లీడరు గారి కుర్చీ చేతి మీద కూర్చుని, కోర్టు సంగతులు అడిగి, ఇద్దరూ నవ్వుకునేవాళ్ళు. మా ఆయన దగ్గరకు వచ్చేసరికి ఆ నవ్వు ఇంకా మొహం మీదే ఉండేది గానీ మాట ఉండేది కాదు. కాళ్ళ దగ్గర నిలబడి ఫైలు తిరగేసి, "సరే, కానివ్వండి" అని వెళ్ళిపోయేవాడు. మనిషి కసాయివాడేం కాదు. మాతో ఏం మాట్లాడాలో ఆయనకు తోచేది కాదు, అంతే. వాళ్ళిద్దరి మాటా ఒకటే, మాది వేరు.

ఇంటి దగ్గర మేడ మీద మాది, మా మరిదిది పక్కపక్క వాటాలు. మధ్యలో ఒక గోడ, పైన ఒకే రేకు. మరిది బస్సు డ్రైవరు. అతని భార్యను ఇంట్లో అందరం చిట్టి అని పిలిచేవాళ్ళం. దానికి నవ్వు తొందరగా వస్తుంది, వస్తే ఆగదు. వాన రేకుల మీద ఎంత మోగినా ఆ నవ్వు మా వాటాలోకి వినపడేది. ఒకప్పుడు నాకూ నవ్వొచ్చేది దాని నవ్వు విని. ఆ వానాకాలంలో మాత్రం, దేనికంత నవ్వు అనుకునేదాన్ని.

ఒక పొద్దున ఆయన పనిసంచి తెమ్మన్నాడు.

"దేనికి? ఎక్కడికి పోతావని?"

"ఎక్కడికీ పోనే. ఊరికే చూసుకుంటాను."

తెచ్చి మంచం మీద పెట్టాను. సంచిలో చెయ్యి పెట్టి పానా పట్టుకున్నాడు. పట్టుకోగానే షాకు కొట్టినట్టు వదిలేశాడు. అది మంచం పట్టీకి తగిలి కింద పడింది.

"చూశావా" అన్నాడు వేళ్ళు ఒళ్ళో దాచుకుని. "ఇన్నేళ్ళూ వైర్ల మధ్య తిరిగినా కరెంటు నన్ను ముట్టుకోలేదు. ఇప్పుడు పానాలోంచి కొడుతోంది."

నేను నవ్వలేదు. నవ్వాలని ఆయన చూస్తున్నాడని తెలుసు. ఆ క్షణాన ప్లీడరు గారి వేళ్ళు గుర్తొచ్చాయి నాకు. ఆ వేళ్ళు కూడా జివ్వుమంటాయి, నిజమే. కానీ చలికాలం వచ్చేలోపు మామూలు అయిపోతాయి, కలం పట్టుకుంటాయి. మా ఆయన వేళ్ళ సంగతి నన్నెవరూ అడగలేదు, నేనెవరినీ అడగలేదు.

వానలు బాగా ముదిరాక ప్లీడరు గారికి ఆఖరి సీసా ఎక్కించారు. ఆవిడ ఆ రోజు నర్సులందరికీ పెట్టెల నిండా బిస్కెట్లు తెచ్చింది. ఒక పెట్టె నా ఒళ్ళో పెట్టింది. మొహం కడిగిన అద్దంలా ఉంది. నా పక్కన కూర్చుని కబుర్లు చెబుతూ, మాటవరసకు, "మా మరిది రిపోర్టు కూడా బాగానే వచ్చిందమ్మా, ఏమీ లేదన్నారు. ఇంక నిశ్చింత" అంది.

"ఆయనకేమైందండీ?"

"ఏమీ కాలేదు. ఇది ఒకరికి వస్తే తోడబుట్టినవాళ్ళను కూడా చూడాలట కదా. కెమెరా పెట్టి చూశారు. మీకూ చెప్పే ఉంటారు."

"మాకెవరూ చెప్పలేదండీ."

ఆవిడ చెయ్యి పెట్టె మీద ఆగిపోయింది. "చెప్పలేదా" అంది చిన్నగా. "మీ ఆయనకు తమ్ముళ్ళెవరన్నా ఉన్నారా?"

ఉన్నాడు. గోడకవతల ఉన్నాడు. రోజూ పొద్దున్నే అన్నను ఎత్తుకుని బాత్రూముకు తీసుకెళుతున్నాడు.

నాకు మొదట భయం వేయలేదు. నిజం చెప్పాలంటే మొదట కడుపు మండింది. మొగుడు దక్కాడు సరే, మరిది కూడా దక్కాడు వాళ్ళకు. జబ్బు రానివాణ్ణి కూడా పిలిచి కూర్చోబెట్టి చూశారు. మా ఇంట్లో జబ్బు వచ్చినవాణ్ణే చూడలేదు. బిస్కెట్ల పెట్టె బెంచీ మీద వదిలేసి లేచాను.

డాక్టరు గది ముందు అటెండరు అడ్డం వచ్చాడు. "మీది అయిపోయిందిగా, మళ్ళీ ఏంటి?"

"ఒక్క మాట" అని లోపలికి వెళ్ళిపోయాను.

ఆ గదిలో కుర్చీ ఉంది. ఇన్నాళ్ళూ దాని వెనక నిలబడే మాట్లాడాను. ఆ రోజు లాక్కుని కూర్చున్నాను. ప్లీడరు గారి భార్య ఎలా కూర్చుంటుందో అలా, వీపు ఆనించి, సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. ఆవిడను చూసి చూసి ఆవిడ కూర్చునే తీరు నాకు కంఠతా వచ్చేసింది.

"ఏమ్మా?" అన్నాడు డాక్టరు.

"మా మరిదికి కూడా పరీక్ష చెయ్యాలండీ."

"అతనికేమైనా ఇబ్బందిగా ఉందా?"

"లేదండీ. ప్లీడరు గారి తమ్ముడికి చేశారట కదా. మా ఆయనకూ తమ్ముడున్నాడు."

ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. "అవును, చెయ్యాలి. మొదట్లోనే చెప్పి ఉండాల్సింది. ఎవరూ చెప్పలేదా మీకు?"

"లేదండీ."

చీటీ రాశాడు. "ఇది పెద్దాసుపత్రిలో ఇవ్వండి. వాళ్ళ దగ్గర రద్దీ ఎక్కువ. వానలు వెళ్ళాక పిలుస్తారు."

ఇంకోరోజైతే చీటీ కళ్ళకద్దుకుని వచ్చేసేదాన్ని. ఆ రోజు లేవలేదు. ఆవిడైతే లేస్తుందా అని ఆలోచించాను. లేవదు.

"ప్లీడరు గారి తమ్ముడు కూడా వానలు వెళ్ళేదాకా ఆగాడా అండీ?"

గొంతు పెంచి అడగలేదు. తెలుసుకుందామన్నట్టే అడిగాను. డాక్టరు ఫోను తీసి ఎవరితోనో మాట్లాడి, చీటీ వెనక్కి తీసుకుని ఇంకొకటి రాశాడు. "వచ్చే వారం" అన్నాడు.

వరండాలో ప్లీడరు గారి భార్య ఇంకా నా కోసం నిలబడే ఉంది. "ఏమన్నారు?" అని అడిగింది. వచ్చే వారం అన్నారని చెప్పాను. "మంచిది" అని నా చెయ్యి పట్టుకుంది. విదిలించుకోవాలనిపించింది గానీ, పట్టుకోనిచ్చాను.

అసలు యుద్ధం ఇంట్లో మొదలైంది.

"నాకేం వదినా, రాయిలా ఉన్నాను" అన్నాడు మరిది.

"మీ అన్న కూడా రాయిలాగే ఉండేవాడు."

"ఎక్కడ కెమెరా పెడతారో తెలిసే చెబుతున్నావా? డిపోలో తెలిస్తే నన్ను బతకనిస్తారా?"

చిట్టికి నవ్వు ఆగలేదు. మంచం మీదనుంచి మా ఆయన, "ఒరేయ్, నేను రోజూ లిఫ్టు గుంటలోకి టార్చి వేసి చూసేవాణ్ణి. అదెప్పుడైనా సిగ్గుపడిందా?" అన్నాడు. దాంతో మరిదికి కూడా నవ్వొచ్చింది. కానీ అన్న మొహం చూసి మధ్యలోనే ఆపేశాడు. "సరే వదినా, వస్తాను" అన్నాడు.

కెమెరా పెట్టి చూస్తే అతని పేగులో ఒక బొడిపె ఉంది. ఇలాంటివే కొన్నేళ్ళకు ముదిరి కేన్సరు అవుతాయని చెప్పారు. అక్కడికక్కడే మొదలంటా తీసేసి, ముక్కను పరీక్షకు పంపారు. "సమయానికి వచ్చారు, పెద్ద భయం లేదు" అన్నాడు చూసిన డాక్టరు. సాయంత్రానికల్లా మరిది తన కాళ్ళ మీద తను ఇంటికి నడిచొచ్చాడు. మర్నాడు మొగుడికి రొట్టెలు ఎన్ని చేసినా చాలలేదని చిట్టి గొణిగింది. గొణుగుతూనే నవ్వింది.

ఆ మధ్యాహ్నం నేను కిటికీ దగ్గర మిషను మీద కుడుతున్నాను. ఆయన మంచం నా పక్కనే ఉంది. పేరుకు వాన పడుతోంది. గోడవతల నవ్వు వినపడుతోంది.

"చిట్టి నవ్వుతోందే" అన్నాడు.

"నవ్వదా మరి. గండం గడిచింది."

"నాకు కుళ్ళుగా ఉందే" అన్నాడు.

నా కాలు మిషను మీద ఆగిపోయింది. "ఎవర్ని చూసి?"

"వాణ్ణే. నా తమ్ముణ్ణి. చిన్నప్పుడు వాణ్ణి భుజాల మీద ఎక్కించుకుని ఊరంతా తిప్పాను. నిన్న వాడు మెట్లెక్కి వస్తుంటే ఆ అడుగుల చప్పుడు విని ఒళ్ళు మండిపోయింది. ఎవరితోనూ అనకు."

"నాకు చిట్టిని చూస్తే అలాగే ఉంది."

"తెలుసులే."

"నీకెలా తెలుసు?"

"నిన్నటినుంచీ గిన్నెల మీద పడ్డావుగా. రోగం నా పేగుకి వచ్చింది గానీ చెవులకు రాలేదు."

నాకు నవ్వొచ్చింది. ఎన్నాళ్ళ తర్వాతో. "ప్లీడరు గారి భార్యను చూసి కూడా" అన్నాను.

"అది మొదటి రోజే తెలుసు. హాల్లో గాజు తలుపులోంచి నువ్వు చూసే చూపుకి సీసాలు పగలకపోవడమే గొప్ప."

కిటికీ కింద వీధిలో ఒకాయన గొడుగు వేసుకుని, బొజ్జ ముందు తోసుకుంటూ వెళుతున్నాడు.

"అతన్ని చూసి?" అన్నాను.

"ఆ బొజ్జ చూడు" అన్నాడు. "దాని నిండా పేగులే. ఒక్కటి ఇస్తే వాడి సొమ్మేం పోయింది."

తర్వాత కూరగాయల బండివాడు పోయాడు. వాడి పిక్కల మీద కుళ్ళుకున్నాం. బడి వదిలాక పిల్లల్ని లాక్కుంటూ తిట్టుకుంటూ పోతున్న ఒకావిడ మీద కుళ్ళుకున్నాం. తడుస్తూ పోతున్న కుక్కను కూడా వదల్లేదు. "దానికేం, హాయిగా ఒళ్ళు దులుపుకుంది" అన్నాడు. నవ్వలేక పొట్ట పట్టుకుని, "ఇంక చాలు, నొప్పిగా ఉంది" అంటూనే మళ్ళీ వీధిలోకి తొంగి చూశాడు. నేను మంచం మీద కూర్చుని ఆయన తల నా ఒళ్ళోకి తీసుకున్నాను. వీధిలో జనం పలచబడేదాకా అలాగే చూస్తూ కూర్చున్నాం. ఆ జబ్బు వచ్చాక మేమిద్దరం అంత దగ్గరగా కూర్చున్నది అప్పుడే.

ఆ తర్వాత ఆయన ఎక్కువ రోజులు లేడు. హాలుకు ఇంక రానక్కర్లేదని చెప్పారు. మాటలు తగ్గాయి, తర్వాత తిండి తగ్గింది, తర్వాత మెలకువ తగ్గింది. వాన తెరిపి ఇచ్చిన ఒక పొద్దున, తమ్ముడు ఎత్తుకుని పక్క మారుస్తుండగా, అతని చేతుల్లోనే పోయాడు. మరిది చాలాసేపు ఆయన్ని దించలేదు. దించమని మేమూ అనలేదు.

ప్లీడరు గారి భార్య చూడటానికి వచ్చింది. మా వాటాలో కూర్చోడానికి సరైన చోటు లేకపోతే మిషను స్టూలు మీద కూర్చుంది. ఏడ్చింది. అది దొంగ ఏడుపు కాదు. వెళ్ళేటప్పుడు గుమ్మంలో నిలబడి, మా వారు కోర్టుకు వెళ్ళడం మొదలుపెట్టారు అని చెప్పబోయి సగంలో మింగేసింది. మిగిలిన సగం నాకు వినపడింది.

వానలు పూర్తిగా వెనకపట్టు పట్టిన రోజుల్లో, మరిది ముక్క తాలూకు రిపోర్టు కోసం రమ్మని పిలిచారు. అతను డ్యూటీలో ఉన్నాడు. చిట్టికి ఒక్కతే వెళ్ళాలంటే భయం. "అక్కా, నువ్వు రావా? నాకు అక్కడ మాట్లాడటం రాదు" అంది. వెళ్ళాను. గదిలో కుర్చీ లాగి దాన్ని కూర్చోబెట్టి, పక్కన ఇంకో కుర్చీలో నేను కూర్చున్నాను.

డాక్టరు రిపోర్టు చదివి, బొడిపె మొత్తం వచ్చేసిందనీ, చెడు కణాలు ఇంకా మొదలవలేదనీ, కొన్నేళ్ళకోసారి చూపించుకుంటే చాలనీ చెప్పాడు. మళ్ళీ ఎప్పుడు రావాలో, దాని పిల్లల్ని ఏ వయసులో తీసుకురావాలో నేను అడిగాను. ఆయన చెప్పేదాకా లేవలేదు.

వరండాలోకి రాగానే చిట్టి నా మీద పడిపోయింది. "నువ్వు లేకపోతే నా గతేంటక్కా" అంటూ నా భుజం మీద మొహం పెట్టి ఏడ్చింది. నవ్వు ఎలా ఆగదో దాని ఏడుపూ అలాగే ఆగలేదు. దాని జుట్టులోంచి సబ్బు వాసన వస్తోంది. సాయంత్రం మొగుడు డ్యూటీ దిగి ఇంటికొస్తాడని తలంటుకున్నట్టుంది.

నేను దాని వీపు నిమిరాను. కుళ్ళుకుంటూనే, ఏడుపు ఆగేదాకా నిమిరాను.